దుబాయ్ కాల్‌కి రూపాయి ఎక్కడ తగులుతుంది?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లె. మా ఆయన దుబాయ్‌లో ఏసీ మెకానిక్, క్యాంపులో ఉంటారు. వాట్సాప్‌లో మెసేజ్‌లు, ఫొటోలు వస్తాయి గానీ కాల్ మాత్రం కలవదు. అందుకని నేనే ఐఎస్‌డీ ప్యాక్ వేయించి మామూలు కాల్ చేస్తున్నాను. పిలకాయలిద్దరూ రెండు మాటలు మాట్లాడేలోపే అయిపోతోంది. మా తమ్ముడు అమెరికాలో, టెక్సస్‌లో చదువుకుంటున్నాడు. మా అమ్మ పక్క ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. టచ్ ఫోను కొనిస్తామంటే వద్దంటుంది. తమ్ముడితో మాట్లాడాలంటే ఆటో ఎక్కి మా ఇంటికి రావాలి. మా ఇంటికి ఈమధ్యే ఫైబర్ నెట్ పెట్టించాం. దుబాయ్‌లో మా ఆయనకు ఎవరో వీపీఎన్ వేసుకోమని చెప్పారంట. ఇక్కడేమో కావలి నుంచి వచ్చినతను ఒక పెట్టె ఇస్తానంటున్నాడు. అందులో మన పేరు మీద సిమ్ములు వేసి నెట్‌కి తగిలిస్తే విదేశాలకు కాల్స్ ఉచితమట, పైగా మనకే నెలకు కొంత ముడుతుందట. ఏది నమ్మాలో తెలియడం లేదు. ఖర్చు తగ్గే దారి చెప్పగలరు.

సమాధానం: అమ్మా, మిగతా సంగతులన్నీ తర్వాత చెప్పుకుందాం. ముందు ఆ పెట్టెను ఇంట్లోకి రానివ్వకండి. అతను మళ్లీ వచ్చి "నెల రోజులు వాడి చూడక్కా, నచ్చకపోతే తీసుకుపోతా" అన్నా సరే, వద్దని చెప్పి పంపేయండి.

దాన్ని సిమ్ బాక్స్ అంటారు. పైకి చూస్తే ఫైబర్ వాళ్లు బిగించే రౌటర్‌లాగే ఉంటుంది. ఎక్కడో విదేశంలో ఎవరో చేసిన కాల్ ఇంటర్నెట్ మీద మీ ఇంటిదాకా వస్తుంది. అక్కడి నుంచి మీ సిమ్ మీదుగా, కలిగిరి నుంచి కావలికి చేసిన లోకల్ కాల్ మాదిరిగా బయటికి పోతుంది. ఎత్తినవాళ్లకు కనపడేది మీ నంబరు. ఆ అవతలి మనిషి ఎవరో మీకు తెలియదు. పోలీసులమని బెదిరించి, "డిజిటల్ అరెస్ట్" అని ముసలివాళ్ల దగ్గర డబ్బు గుంజేవాళ్లకు ఇలాంటి పెట్టెలే కావాలి. రేపు కేసయితే నంబరు పట్టుకుని పోలీసులు వచ్చేది మీ గుమ్మం ముందుకే. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అనుమతి లేకుండా టెలికం సేవ నడిపితే మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. నెలనెలా ఇస్తానన్న ఆ డబ్బు మీ పేరుకూ మీ ఆధార్‌కూ కట్టే అద్దె.

అతనికి ఇప్పటికే ఆధార్ జిరాక్సు గానీ, వేలిముద్ర గానీ ఇచ్చి ఉంటే ఈరోజే ఒక పని చేయండి. సంచార్ సాథీ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉంది. అందులో మీ నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ వేస్తే మీ పేరు మీద ఎన్ని సిమ్ములు నడుస్తున్నాయో చూపిస్తుంది. మీకు తెలియని నంబరు కనబడితే అక్కడే "ఇది నాది కాదు" అని నొక్కొచ్చు. ఓటీపీ మాత్రం అతని చేతికి ఇవ్వకండి, మీ పిల్లల చేత కొట్టించుకోండి.

ఇక అసలు విషయం.

"పిలకాయలిద్దరూ రెండు మాటలు మాట్లాడేలోపే" అని మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1990ల్లో నేను కావలి స్టేషన్ రోడ్డులో ఎస్‌టీడీ బూతు నడిపేవాణ్ని. అద్దాల గది, గోడకు మీటరు, మీటరులో ఎర్ర అంకెలు. రాత్రి పదకొండు దాటితే ఎస్‌టీడీ రేటు పావు వంతు పడేది గనక ఆ వేళకు వరుస కట్టి నిలబడేవాళ్లు. వింజమూరు వైపు నుంచి ఒకామె నెలకోసారి వచ్చేది, కువైట్‌లో ఉన్న భర్తకు ఐఎస్‌డీ చేయడానికి. చంకలో మూడేళ్ల పిల్ల. మాట్లాడినంతసేపూ ఆమె కళ్లు మీటరు మీదే ఉండేవి. పిల్లను ఎత్తి రిసీవరు చెవికి పెట్టేది. ఆ పిల్ల "నాయనా" అని ఒక్కసారి అనేది, అవతల ఆయన జవాబు చెప్పేలోపే తల్లి రిసీవరు తీసేసుకునేది. కొంగు ముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చేది, ఒక్కోసారి ఐదో పదో తక్కువయ్యేవి. ఆ మీటరు ఇప్పుడు లేదు. అయినా మీ ఇంట్లో పిల్లలు అదే తొందరలో మాట్లాడుతున్నారంటే, తప్పు దారిలో కాల్ చేస్తున్నారన్నమాట. అది మార్చుకోవచ్చు.

ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. మాట ఇంటర్నెట్‌లో ఎంత దూరం పోయినా దూరానికి విడిగా డబ్బు పడదు. కలిగిరి నుంచి కావలికైనా, కలిగిరి నుంచి టెక్సస్‌కైనా డేటా ఒక్కటే. మాట ఇంటర్నెట్ వదిలి ఫోను కంపెనీ లైనులోకి దిగే చోట మీటరు మొదలవుతుంది. రెండు వైపులా నెట్ ఉండి, రెండు వైపులా ఒకటే యాప్ ఉంటే మాట ఎక్కడా లైనులోకి దిగదు, నిమిషం చార్జీ ఉండదు. ఒకవైపు యాప్, మరోవైపు మామూలు ఫోను అయితే ఒక్కచోట దిగుతుంది, నిమిషానికింత పడుతుంది. ఇప్పుడు మీరు చేస్తున్న ఐఎస్‌డీలో నెట్ ఊసే లేదు, మొత్తం లైనే.

అందులోనూ మీరు ఖరీదైన వైపు నుంచి చేస్తున్నారు. విదేశం నుంచి వచ్చిన కాల్‌ని తమ దేశపు ఫోనుకు కలిపినందుకు అక్కడి కంపెనీ నిమిషానికింతని వసూలు చేస్తుంది. గల్ఫ్ దేశాల్లో ఈ చార్జీ ఎక్కువ, అమెరికాలో చాలా తక్కువ. మన దేశంలో బయటి నుంచి వచ్చే కాల్‌కి టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన హద్దు 2020 మే నుంచి నిమిషానికి 35 పైసల నుంచి 65 పైసలు. అందుకే ఇండియా నుంచి దుబాయ్ ఫోనుకు చేస్తే భారం, విదేశం నుంచి ఇండియా ఫోనుకు యాప్‌లో చేస్తే తేలిక. ఆ పెట్టెవాడు ఎగ్గొట్టాలని చూసేదీ ఈ పైసలనే.

మీ ఆయన సంగతి చూద్దాం.

దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవకపోవడం ఆయన ఫోను తప్పు కాదు, మీ నెట్ తప్పూ కాదు. యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్‌కి అక్కడి నియంత్రణ సంస్థ టీడీఆర్‌ఏ అనుమతి ఉండాలి. వాట్సాప్‌కి మెసేజ్‌ల వరకే దారి వదిలారు, కాల్ ఆపేశారు. అనుమతి ఉన్న యాప్‌లు వేరే ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా వాడేది బోటిమ్. గోచాట్ అని ఇంకొకటి ఉంది. ఆఫీసుల వాళ్లు మీటింగులకు జూమ్, గూగుల్ మీట్, టీమ్స్ వాడతారు. బోటిమ్‌ను ఆయనా మీరూ ప్లే స్టోర్ నుంచే వేసుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కి వేసుకోవద్దు. పేరూ బొమ్మా ఒకటేలా ఉండే దొంగ యాప్‌లు కాంటాక్టులు, మెసేజ్‌లు లాగేస్తాయి, వాటిలో బ్యాంకు ఓటీపీలు కూడా ఉంటాయి. కాల్ చేయడానికి ఆయన సిమ్ మీద విడిగా ఏదైనా కాలింగ్ ప్యాకేజీ కావాలా అన్నది అక్కడి తన కంపెనీని ఆయనే ఒకసారి అడిగి కనుక్కోవాలి. యాప్‌లో డబ్బు పంపడం, ఆటలు అంటూ ఏవేవో కనిపిస్తాయి. వాటిని కదిలించకండి. పేరు మీద నొక్కి కాల్ చేయడం వరకే చూసుకోండి. మీ ఇద్దరి దగ్గరా యాప్ ఉన్నప్పుడు కూడా పొరపాటున "ఫోను నంబరుకు కాల్" అన్నది నొక్కితే మీటరు తిరుగుతుంది, ఇది గుర్తుంచుకోండి.

వీపీఎన్ వద్దు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. వీపీఎన్ అంటే ఫోను ఏ దేశంలో ఉందో కనబడకుండా ముసుగు వేయడం. కంపెనీలు తమ పనికి వాడుకుంటాయి, అందులో తప్పు లేదు. కానీ అక్కడ నిషేధించిన పని చేయడానికి, దాన్ని దాచడానికి వాడితే యూఏఈ 2021 సైబర్ నేరాల చట్టంలో జరిమానా 5 లక్షల దిర్హాముల దగ్గర మొదలై 20 లక్షల దాకా ఉంది, జైలు కూడా. పది మంది వాడుతున్నారు కదా అని ఆయనకు చెప్పేవాళ్లు ఉంటారు. ఆ పది మందిలో ఎవరి ఇల్లూ మీరు నడపడం లేదు. పైగా ఉచితంగా దొరికే వీపీఎన్‌లు మన మాటా మన పాస్‌వర్డూ ఎవరి కంప్యూటర్ మీదుగా పోతున్నాయో చెప్పవు. జీతం పడే బ్యాంకు యాప్ ఉన్న ఫోనులో అది అసలే వద్దు.

డేటా లెక్క మీకు పనికొస్తుంది. గొంతు కాల్‌కి నిమిషానికి సుమారు అర ఎంబీ అవుతుంది. రోజూ ఇరవై నిమిషాలు మాట్లాడినా నెలకు 300 ఎంబీ. వీడియో అయితే నిమిషానికి నాలుగైదు ఎంబీ, అదే ఇరవై నిమిషాలు నెలకు 3 జీబీ దాకా పోతుంది. మీ ఫైబర్‌కి అది లెక్కలోకి రాదు. క్యాంపులో డేటా కొనుక్కునే మనిషికి వస్తుంది. అందుకని రోజూ గొంతు కాల్, ఆయన సెలవు రోజు వీడియో పెట్టుకోండి. ముఖం చూడకుండా ఉండలేరనుకుంటే వాట్సాప్‌లో పిల్లల ఫొటో ఒకటి ముందు పంపి, ఆ తర్వాత కాల్ చేయండి. చేతిలో ఫొటో ఉంటే మాట కూడా దాని చుట్టూ నడుస్తుంది.

వేళ కూడా ముఖ్యం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. రాత్రి ఎనిమిదికి ఆయన గదికి వచ్చేసరికి మనకు తొమ్మిదిన్నర, పిల్లలు నిద్రకు తూగుతుంటారు. క్యాంపులో అందరూ ఒకేసారి నెట్ మీద పడే వేళ కూడా అదే. పొద్దున ఆయన డ్యూటీ బస్సు ఎక్కే ముందు అయిదున్నర అయితే మనకు ఏడు. అప్పుడు వాళ్ల నెట్ ఖాళీగా ఉంటుంది, మీ పిల్లలు బడికి తయారవుతుంటారు. అన్నం పెడుతూ ఫోను పక్కన పెట్టుకుని మాట్లాడుకోవచ్చు. ఆ పది నిమిషాలు రోజూ కుదిరితే పిల్లలకు నాన్న ఇంట్లో ఉన్నట్టే అలవాటవుతుంది. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

మీ అమ్మగారి దగ్గరికి వస్తాను. ఆమెను టచ్ ఫోను నేర్చుకోమని బలవంతపెట్టకండి. చూపు ఆనని చేతికి బటను నొక్కిన గుర్తు తెలియాలి. గాజు మీద ఆ గుర్తు ఉండదు. ఆమె ఫోను ఆమె దగ్గరే ఉండనివ్వండి. మారాల్సింది తమ్ముడు కాల్ చేసే పద్ధతి.

అమెరికాలో ఉన్నవాడికి దారులు ఎక్కువ. అక్కడి నంబరు ఉంటే గూగుల్ వాయిస్ తీసుకోవచ్చు. సొంత ఖాతాతో అది అమెరికాలో ఉన్నవాళ్లకే ఇస్తారు. వైబర్ అవుట్ లాంటివీ ఉన్నాయి. వీటిలో ముందుగా కొంత డబ్బు వేసుకుని +91 తో మామూలు ఫోనుకు కాల్ చేస్తే చాలు. అతని వైపు ఇంటర్నెట్, మీ అమ్మ వైపు ఎప్పటిలాగే ఫోను మోగుతుంది. ఆమె పచ్చ బటను నొక్కితే సరి. ఆమెకు పైసా పడదు, నెట్ అక్కర్లేదు. ఇండియా రేటు నిమిషానికి సెంట్లలోనే ఉంటుంది. ఏ సర్వీసుకు ఎంతో డబ్బు వేసే ముందు అతను రేట్ల పేజీలో చూసుకోవాలి. మొబైల్‌కి ఒక రేటు, ల్యాండ్‌లైన్‌కి ఒక రేటు ఉంటే మొబైల్ రేటే చూడాలి. నిమిషానికి రెండు సెంట్లే అనుకుందాం. ఆదివారం అరగంట మాట్లాడితే 60 సెంట్లు, నాలుగు ఆదివారాలకు 2 డాలర్ల 40 సెంట్లు. మీ అమ్మ ఆటో ఖర్చు రెండు వైపులా కలుపుకుని మీరే పోల్చి చూడండి.

ఒకసారి నేను చేసిన పొరపాటు అతను చేయకూడదు. మా అమ్మాయి బయటికి వెళ్లిన కొత్తలో ఒక యాప్‌లో "అన్‌లిమిటెడ్" అని చూసి కార్డు నంబరు ఇచ్చి నెల ప్లాను తీసుకున్నాను. ఆ తర్వాత మేము వేరే దారిలో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఆ ప్లాను మాత్రం ఐదు నెలల పాటు నెలనెలా నా ఖాతాలోంచి తనకు తానే డబ్బు తీసుకుంటూ పోయింది. బ్యాంకు పాస్‌బుక్కు రాయించుకున్న రోజుగానీ తెలియలేదు. వాళ్లకు రాస్తే షరతుల్లో ఉందన్నారు. అందుకని తమ్ముణ్ని నెల ప్లాను జోలికి పోవద్దనండి. వీలైనంత తక్కువ డబ్బు వేసుకుని, "అయిపోతే మళ్లీ దానంతట అదే నింపు" అనే మీట ఆపేసి, వేసుకున్నది ఎన్నాళ్లలో చెల్లకుండా పోతుందో చదువుకోమనండి. స్కైప్‌లో వేసుకుంటే చాలదా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. స్కైప్ 2025 మే 5న మూతపడింది, ఆ పేరుతో ఎవరైనా రీఛార్జి అమ్మితే అది మోసం.

అమ్మగారి ఫోనుకు వ్యాలిడిటీ పోకుండా చూసుకోవడం మీ బాధ్యత. ఆమెకు డేటా దండగ. 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పిన మీదట కంపెనీలన్నీ మాటలకూ మెసేజ్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు పెట్టాయి. రీఛార్జి షాపులో అవి తమంతట తాము చూపించరు. "డేటా లేని ప్యాక్ ఎంత" అని అడగాలి. బ్యాంకు ఓటీపీ, పింఛను మెసేజ్ అన్నీ ఆ నంబరుకే వస్తుంటే అది ఒక్క రోజు ఆగినా ఇబ్బంది. పైగా 112కి గానీ 108కి గానీ ఈ యాప్‌లలోంచి కాల్ పోదు. రాత్రిపూట ఆమెకు గుండెలో నొప్పి వస్తే పనికొచ్చేది ఆ బటన్ల ఫోనే. అందుకని నెట్ కాల్స్ వచ్చాయి కదా అని మామూలు సిమ్‌ను వదిలేయకండి. మీకూ ఇదే మాట.

మాట తెగిపోవడం గురించి మీరు అడగలేదు గానీ వారం తిరిగేలోపు అడుగుతారు. నెట్ కాల్‌లో మన గొంతు సెకనుకు యాభై ముక్కలవుతుంది, ఒక్కో ముక్క 20 మిల్లీసెకన్లు. ఒక్కో ముక్కకూ అడ్రసు రాసి వదిలినట్టు వదులుతారు, అవతల మళ్లీ వరుసగా పేర్చుకుంటారు. కొన్ని ఆలస్యమైతే గొంతు గరగరలాడుతుంది, కొన్ని రాకపోతే మాట మింగేసినట్టు ఉంటుంది. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మనకు తేడా తెలియదు. అంతకు మించితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఒకేసారి ఆగిపోతుంటారు. అప్పుడు ఒకరు పూర్తిగా చెప్పాక ఒక క్షణం ఆగి రెండోవాళ్లు అందుకోవాలి. పిల్లలకు ఇది ఆటలాగా నేర్పితే తొందరగా పట్టుకుంటారు.

కలిగిరి వైపు ఇళ్లలో నేను చూసిన కారణం ఎప్పుడూ ఒకటే. రౌటరు ముందు గదిలో టీవీ వెనకాల ఉంటుంది, మాట్లాడేది వెనక వంటింట్లో, మధ్యలో రెండు గోడలు. ముందు గదికి వచ్చి మాట్లాడండి. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ పెద్ద వీడియోలు అప్‌లోడ్ చేయకుండా చూడండి. మీకు మీ గొంతే తిరిగి వినిపిస్తుంటే లోపం మీ వైపు కాదు, అవతలి ఫోను స్పీకర్లోంచి వచ్చిన మీ మాట ఆ ఫోను మైకులోకే దూరుతోంది. ఆయన్ని ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి, పోతుంది. కరెంటు పోతే రౌటరు కూడా పోతుంది. దానికి సరిపడే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. అయితే ఊళ్లో కేబుల్ అతని మిషను కూడా కరెంటు మీదే నడుస్తుంది. అతని దగ్గర బ్యాటరీ ఉందో లేదో కనుక్కుని ఆ తర్వాత కొనండి, లేకపోతే మీ డబ్బు వృథా.

మీ ఇల్లు స్లాబు ఇల్లయి, లోపల సిగ్నల్ లేక డాబా ఎక్కి మాట్లాడుతుంటే ఇంకో ఉపాయం ఉంది. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో వైఫై కాలింగ్ తెచ్చాయి. ఫోను సెట్టింగుల్లో ఆ మీట తిప్పితే మామూలు కాల్సే మీ ఇంటి ఫైబర్ మీదుగా పోతాయి, వస్తాయి. దానికి విడిగా చార్జీ లేదు. ఇది విదేశీ కాల్‌ని చవక చేయదు. అమ్మ చేసిన కాల్ ఇంట్లోనే అందేలా చేస్తుంది.

తుపాను రోజుల సంగతి మాత్రం వేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే నెల్లూరు జిల్లాను వాన ముంచేసింది. అలాంటప్పుడు బయట ఉన్నవాళ్లు కాల్ మీద కాల్ చేసి, కలవక, తిండి కూడా తినకుండా కూర్చుంటారు. కాల్‌కి మాట్లాడినంతసేపూ దారి తెరుచుకుని ఉండాలి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌కి ఎప్పుడో ఒక్క నిమిషం సిగ్నల్ వస్తే చాలు, దానంతట అదే వెళ్లిపోతుంది. అది దుబాయ్‌లోనూ పనిచేస్తుంది. అందుకని ముందే మాట అనుకోండి: వానలప్పుడు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వాయిస్ మెసేజ్ పెడతాను, కాల్ కోసం చూడవద్దు అని.

ఇంకొకటి. కొత్త నంబరు నుంచి కాల్ వచ్చి "మీ ఆయనకు యాక్సిడెంట్ అయింది, ఆస్పత్రిలో కట్టాలి, వెంటనే పంపండి" అని ఎవరైనా అంటారు. గొంతు కూడా ఆయనదేలా ఉండొచ్చు, ఇప్పుడు గొంతును అచ్చం దించేస్తున్నారు. మీ ఇంటివాళ్లకే తెలిసిన ప్రశ్న ఒకటి అనుకుని పెట్టుకోండి. మీ మొదటి బర్రె పేరేమిటి, పెళ్లినాడు వాన పడిందా లేదా, అలాంటిది. జవాబు చెప్పలేకపోతే పెట్టేసి, ఆయన పాత నంబరుకు మీరే చేయండి. ఆ ఒక్క రోజు ఐఎస్‌డీ ఖర్చు చూడకండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. వెంటనే చెబితే ఆ డబ్బు ఖాతా మారకముందే ఆపే వీలుంటుంది.

విదేశం నుంచి వచ్చిన కాల్ అయినా తెర మీద ముక్కూమొహం తెలియని +91 మొబైల్ నంబరు కనబడితే, అది నేను మొదట చెప్పిన పెట్టెల్లో ఒకదాని గుండా వచ్చి ఉండొచ్చు. తమ్ముడు కొన్న యాప్ నుంచి మీ అమ్మకు అలా వస్తుంటే ఆ యాప్ మార్చమనండి. సంచార్ సాథీలో దీన్ని రిపోర్టు చేసే చోటు విడిగా ఉంది.

ఇక తమ్ముడు మీ అమ్మకు మొదటి కాల్ ఎలా చేయాలో చెప్తాను. టెక్సస్ మనకంటే ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర గంటలు. నవంబరు మొదటి ఆదివారం, మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం మారుస్తారు. మనకు ఆదివారం పొద్దున ఏడున్నర అంటే వాడికి శనివారం రాత్రి ఎనిమిదో తొమ్మిదో. ఏ కాలంలోనైనా వాడు మెలకువగా ఉండే వేళే. ముందురోజు మీరు అమ్మ దగ్గరికి వెళ్లి, వాడు చెప్పిన నంబరును ఆమె ఫోనులో వాడి పేరుతో సేవ్ చేయండి. ఆ కాల్ +1 తో మొదలవుతుందని, ఆదివారం పొద్దున కాకుండా వేరే వేళల్లో ప్లస్ గుర్తుతో కొత్త నంబరు ఏది మోగినా ఎత్తవద్దని, మిస్డ్ కాల్ చూసి తిరిగి చేయవద్దని చెప్పండి. అలా తిరిగి చేస్తే బ్యాలెన్స్ ఖాళీ అయ్యే నంబర్లు ఉన్నాయి. మొదటి ఆదివారం ఏడున్నరకు మీరూ ఆమె పక్కన కూర్చోండి. ఫోను మోగినా మీరు అందుకోకండి, ఆమెనే ఎత్తనివ్వండి.